సగటు భూగర్భ జలమట్టం గారికి ఒక బోరు బాధితుడి లేఖ

మహారాజశ్రీ హైదరాబాద్ సగటు భూగర్భ జలమట్టం గారి సమక్షానికి,

ఉభయకుశలోపరి. మీ కుశలం నెలనెలా పేపర్లో తెలుస్తూనే ఉంది. పోయిన ఏడాది ఇదే నెలకంటే కాస్త పైకొచ్చారట, సంతోషం. మా సెక్రటరీ గారు ఆ వార్తను వాట్సాప్ గ్రూపులో పెట్టారు. దాని కిందే ఇంకో మెసేజ్: "ట్యాంకర్ పదకొండింటికి. అప్పటిదాకా మోటారు వేయొద్దు."

అసలు మీ లెక్క ఒంటబట్టడానికే మాకు చాలాకాలం పట్టింది. నేల మీద నుంచి ఎన్ని మీటర్ల కింద ఉన్నారన్నది మీ కొలత. అంకె పెరిగితే మీరు దిగినట్టు, తగ్గితే ఎక్కినట్టు. గజం రేటు పెరిగితే స్వీట్లు పంచుకునే ఊరికి ఇదేం అలవాటండీ!

పైగా మిమ్మల్ని కొలిచేది పీజోమీటర్ అనే పరిశీలన బోరులో. అందులో మోటారు దించరు, నీళ్లు తోడరు. ఏ ఆఫీసు ఆవరణలోనో, బడి గోడ పక్కనో రిటైరైన తహసీల్దారులా నిశ్చింతగా ఉంటుంది. మా బోరు అలా కాదు. ఐదంతస్తులు దాని గొంతు మీద కూర్చున్నాయి.

పోయిన ఎండాకాలం అది చేతులెత్తేసింది. కొత్తది వేయిద్దామని ఒక పెద్దాయనను పిలిచాం. అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని సెల్లారంతా తిరిగారు. జనరేటర్ పక్కన కాయ నిటారుగా లేచింది. తమిళనాడు తిరుచెంగోడు నుంచి బోరు వేసే బండి వచ్చింది. రాత్రంతా కంప్రెసర్ మోత. నూట ఎనభై అడుగుల దగ్గర రాతిపిండి కాస్త తడిగా వస్తే చప్పట్లు కొట్టాం. ఆ తర్వాత వెయ్యి దాటేదాకా పొడిపిండే. కార్ల మీద, తులసికోట మీద, ఆరేసిన యూనిఫాంల మీద అంతా బూడిదరంగు. మన కింద ఉన్నది గ్రానైట్. నీళ్లుండేది పైపొరల్లోని శిథిల శిలలో, దాని కింది పగుళ్లలో. లోతుకు పోయేకొద్దీ ఆ పగుళ్లే తగ్గిపోతాయి. అయినా అడుగుకింత అని వసూలు చేసే బండికి ఈ శాస్త్రంతో పనేముంది? 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం ప్రకారం బోరుకు అనుమతి ఉండాలి కదా అంటారేమో. అందుకేనండీ రాత్రిపూట వేయించింది.

ఇక ట్యాంకర్. అందులో వచ్చేదీ తమరే. ఊరి చివర ఎవరి పొలంలోనో మిమ్మల్ని తోడి, డీజిల్ తగలేసి తెచ్చి మా సంపులో పోస్తారు. మేం స్నానాలు చేశాక మూసీకి సాగనంపుతాం. అక్కడ పొలం బోరు గాలి కక్కుతుంది, ఇక్కడ షవర్ పాడుతుంది. రెంటినీ కూడి భాగిస్తే అంతా క్షేమమే! అసలు దాహం వేయనిది మీ ఒక్కరికే.

మా నెల వాడకం సంగతి అడక్కండి. 2021 జనవరి నుంచి ఇంటికి 20 వేల లీటర్లు ఉచితం కదా, నల్లా మీటరు ప్రకారం మా అంత పొదుపరులు లేరు. నల్లా రోజు విడిచి రోజు వస్తుంది మరి. బోరుకు మీటరు లేదు, ట్యాంకర్‌కు రసీదు లేదు. కాగితం మీద మేం దాదాపు ఒంటెలం.

1908 వరద తర్వాత ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ కట్టుకున్నాం. 1920ల నుంచి ఊరు చాలాకాలం వాటి నీళ్లు తాగింది. ఇప్పుడు కృష్ణమ్మను నాగార్జునసాగర్ నుంచి, గోదారమ్మను ఎల్లంపల్లి నుంచి వంద కిలోమీటర్లు దాటించి పైపుల్లో పిలిపించుకుంటున్నాం. కాళ్ల కిందున్న మీకోసం ఏం చేశామంటారా? ఇంకుడు గుంత తవ్వాం. ప్లాన్‌లోనూ ఉంది, ఫోటోలోనూ ఉంది. ప్రస్తుతం దాని మీద టైల్స్, టైల్స్ మీద 302 వాళ్ల కారు ఉన్నాయి. వాన పడితే నీళ్లు మాత్రం ర్యాంపు మీదుగా తిన్నగా రోడ్డెక్కుతాయి.

ఆదివారం మళ్లీ మీటింగ్. రెండో బోరుకు 1,400 అడుగుల కొటేషన్ వచ్చింది. ఆ అంకె వింటేనే అందరికీ టెన్షన్. మీటర్లలో చెబితే 427 మాత్రమే. అందుకని తీర్మానం తమరి యూనిట్‌లోనే రాస్తున్నాం.

ఇట్లు,
తమ కోసం సంపులోకి తొంగిచూసే
విధేయుడు