ఆ అంకెలు చదివేదెవరు?

ప్రెగ్నెన్సీ టెస్టులో రెండు గీతలు కనబడగానే మన అమ్మాయిలు ముందు చేసే పని ఫోన్లో ఒక యాప్ వేసుకోవడం. అమెరికాలో డాక్టరు దగ్గర మొదటి అపాయింట్‌మెంట్ సాధారణంగా 8వ వారం దాకా ఉండదు. అమ్మ ఏ గుంటూరులోనో కరీంనగర్‌లోనో ఉంటుంది, ఇక్కడ పగలైతే అక్కడ రాత్రి. ఆ ఖాళీలో ఫోనే దిక్కు. "ఈ వారం బిడ్డ నిమ్మకాయంత" అని యాప్ మురిపిస్తుంటే కాదనడానికి నేనెవరిని? వేవిళ్లతో నీరసపడ్డ పిల్లకి ఆ మాత్రం సరదా ఉండాల్సిందే.

నా పేచీ వేరే. అందులో మనం నింపే బీపీ, షుగర్, బరువు అవతల ఎవరు చూస్తున్నారు? మనంతట మనం దించుకునే యాప్‌లలో చాలావాటికి అవతల డాక్టరూ లేరు, నర్సూ లేరు. 150/96 అని కొడితే గ్రాఫ్‌లో చుక్క కాస్త పైకి జరుగుతుంది. 140/90 దాటితే డాక్టరుకి చెప్పాలన్నది మనకే తెలిసి ఉండాలి.

అవతల మనిషి ఉంటే ఏమవుతుందో ఫిలడెల్ఫియాలో తేలింది. పెన్సిల్వేనియా యూనివర్సిటీ ఆస్పత్రిలో బీపీ సమస్యతో కాన్పయినవాళ్లలో కొందరికి బీపీ మిషన్ ఇచ్చి ఇంటికి పంపారు. రోజుకు రెండుసార్లు చూసుకుని రీడింగ్ మెసేజ్ చేయమన్నారు. మిగతావాళ్లని మామూలుగా క్లినిక్‌కి రమ్మన్నారు. 2018లో ఫలితాలు అచ్చయ్యాయి. మొదటి 10 రోజుల్లో మెసేజ్ చేసే వర్గంలో 92 శాతం మంది బీపీ డాక్టర్లకి అందింది, రెండో వర్గంలో 44 శాతం మందిదే. కాన్పయ్యాక 3 నుంచి 6 రోజుల మధ్య బీపీ బాగా పెరుగుతుంది. సరిగ్గా అప్పుడే పచ్చి బాలింతని పసిబిడ్డతో క్లినిక్‌కి రమ్మంటే జరిగే పనేనా? అక్కడ వాడింది మామూలు టెక్స్ట్ మెసేజ్, యాప్ కూడా కాదు. రీడింగ్ ప్రమాదకరంగా ఉంటే డాక్టరుకి కబురు వెళ్లే ఏర్పాటుంది, గొప్పంతా అందులోనే ఉంది.

అందుకే యాప్ వాడాలనుకుంటే ముందు మీ ఆస్పత్రి ఇచ్చేది వాడండి. మైచార్ట్ లాంటి ఆస్పత్రి ఆన్‌లైన్ పోర్టల్‌లో పెట్టిన మెసేజ్ మీ ఫైల్లో చేరుతుంది. దానికి రోగుల వివరాల గోప్యతని కాపాడే హిపా చట్టం కాపలా కూడా ఉంది. బయటి యాప్‌లకి చాలావరకు ఆ చట్టం వర్తించదు. నెలసరి లెక్కలు చూసే ఫ్లో యాప్ మీద 2021లో, అలాంటిదే ప్రీమామ్ మీద 2023లో వినియోగదారుల తరఫున చూసే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌టీసీ కేసులు పెట్టింది ఇందుకే, ఆడవాళ్ల ఆరోగ్య వివరాలు బయటి కంపెనీలకి చేరవేశారని. రెండు కంపెనీలూ సెటిల్‌మెంట్ చేసుకున్నాయి. ఉచితం అనగానే నమ్మేయడం మనకి బాగా అలవాటు!

ఒక్క విషయంలో మాత్రం ఏ యాప్‌నీ తెరవొద్దంటాను. కడుపులో బిడ్డ కదలిక తగ్గినట్టు అనిపిస్తే కదలికలు లెక్కపెట్టే కిక్ కౌంటర్ పట్టుకుని కూర్చోకండి, ఇంట్లో డాప్లర్ అనే చిన్న మిషన్ పెట్టి గుండె చప్పుడు వినబడిందని పడుకోకండి. ఇంటి డాప్లర్లు వద్దని మందులు, వైద్య పరికరాల మీద అజమాయిషీ చేసే ఎఫ్‌డీఏ 2014లోనే చెప్పింది. వెంటనే ఆస్పత్రికి ఫోన్ చేయండి. అర్ధరాత్రి అయినా సరే, మొహమాటం వద్దు.

బిడ్డ పుట్టాక ఇంకో విచిత్రం. అదే యాప్ ఇక పాలు, డైపర్లు, నిద్ర లెక్కల్లో పడిపోతుంది, తల్లి ఊసే ఉండదు. గర్భానికి సంబంధించిన తల్లుల మరణాల్లో సగానికి పైగా కాన్పయిన వారం తర్వాత, ఏడాది లోపే జరుగుతున్నాయని అమెరికా ప్రజారోగ్య సంస్థ సీడీసీ లెక్కలు చెబుతున్నాయి. బాలింతకి ఏడుపు ఆగకపోయినా, టెన్షన్‌తో నిద్ర పట్టకపోయినా 1-833-852-6262కి చేయొచ్చు. 24 గంటలూ పనిచేసే ఉచిత ప్రభుత్వ లైన్ అది, ఇంటర్‌ప్రెటర్‌ని కూడా అడగొచ్చు. నంబర్ భర్త ఫోన్లోనూ ఉండాలి.

ఇక అమెరికాలోని మన తెలుగు సంఘం చేయగలిగిన పని ఒకటుంది. కడుపుతో ఉన్నప్పుడు వచ్చే షుగర్ మన దక్షిణాసియా ఆడవాళ్లలో ఎక్కువ. 24 నుంచి 28 వారాల మధ్య చేసే టెస్టులో అది బయటపడితే రోజుకు నాలుగుసార్లు వేలు గుచ్చుకోవాలి. పరగడుపున 95 లోపు, తిన్న రెండు గంటలకి 120 లోపు ఉండాలి. తిన్నదేమిటో యాప్‌లో నమోదు చేయమంటారు. ఇడ్లీ దొరుకుతుంది. పెసరట్టు, గోంగూర పప్పు, జొన్నరొట్టె వెతికితే ఉండొచ్చు, ఉండకపోవచ్చు, ఉన్నా ఎవరింటి కొలతో తెలీదు. ఏదీ కుదరక "రైస్, ఒక కప్పు" అని నొక్కేస్తారు. ఆ లెక్క చూసి డైటీషియన్ మాత్రం ఏం చెబుతుంది? మన సభ్యుల్లో డైటీషియన్లున్నారు, గైనకాలజిస్టులున్నారు. ఓ యాభై వంటకాలకి మన గరిటె, మన గిన్నె కొలతల్లో పిండిపదార్థాల పట్టిక తయారుచేసి ఈ పత్రికలోనే వేయొచ్చు. ఉగాది వేడుకల్లో ఒక ఫ్యాషన్ షో తగ్గితే ఎవరూ బెంగపెట్టుకోరు. పట్టిక ఎవరు మొదలుపెడతారో కార్యవర్గం వచ్చే సమావేశంలోనే తేల్చాలి.