పెన్నేటి మీద ఒక ఫిర్యాదు

మా పెన్నేరు మీద ఒక ఫిర్యాదుంది, ఏ ఆఫీసులో ఇవ్వాలో తెలీక ఇక్కడ రాస్తున్నా. ఏడాదిలో ఎక్కువ నెలలు అది బుద్ధిగానే ఉంటుంది, కాదనను. జమ్మలమడుగు కింద మా ఊరి దగ్గర పిల్లోళ్ళు అందులో క్రికెట్ ఆడుకుంటారు, చికెన్ అంగడోళ్ళు ఈకల సంచులు పడేస్తారు, కంపచెట్ల కింద మేకలు కాయలు ఏరుకుంటాయి, రాత్రయితే ట్రాక్టర్లకు అదే దారి. ఇంత చక్కగా జరుగుతుంటే, ఏ అక్టోబరులోనో నవంబరులోనో చెప్పాపెట్టకుండా నీళ్ళు తెచ్చి పోస్తే ఏమనాలి? పిచ్ పాయె, దారి పాయె. 2021 నవంబరులో దీంట్లో కలిసే పాపాఘ్ని కమలాపురం దగ్గర వంతెననే కూల్చింది, ఆ ఇంటి పద్ధతే అంత.

నంది కొండల్లో పుట్టి 597 కిలోమీటర్లు నడిచి నెల్లూరు జిల్లాలో సముద్రంలో కలవడం దాని డ్యూటీ. కానీ దారిలో అనంతపురం తగులుతుంది, ఏడాదంతా కురిసినా అక్కడ 550 మిల్లీమీటర్లే, దాంతో మా దాకా రాకముందే సెలవు పెట్టేస్తుంది. ఇంకో అవమానం చెప్పనా, గండికోటలో పెన్నకు అడ్డంగా కట్టిన రిజర్వాయరు కూడా శ్రీశైలం నుంచి వచ్చే కృష్ణ నీళ్ళ కోసమే ఎదురుచూస్తుంది. సొంతింట్లో కూర్చొని పక్కింటి కూడు తినడం.

ఇసుక పిండితే నూనె రాదంటారు గానీ, మా ఊళ్ళో ఇసుక ఎత్తితే డీజిల్ ఖర్చులు పోను రెండంతస్తుల మిద్దె లేస్తుంది. వచ్చిన వరదను తాగి దాచుకొని, ఎండాకాలం దాకా బావులకు కొంచెం కొంచెంగా ఊట వదిలేది ఆ ఇసుకేనంట. సరే, ఆ మాట ఏరు ముందే చెప్పాలి కదా!

ఏరు వచ్చిందంటే మాత్రం మేమేం తక్కువ చేయం. పసుపు, కుంకుమ, టెంకాయ, మునివేళ్ళ మీద లేచి సెల్ఫీ. నీళ్ళు తగ్గినాక మళ్ళీ ఈకల సంచులు.

పోయిన ఎండాకాలం ఏటి ఒడ్డునే బోరు వేయించినా. ఒడ్డు కదా, ఊట ఉంటుందని బోరు బండాయన ధైర్యం చెప్పినాడు. ఎనిమిది వందల అడుగులు దిగినా తెల్లటి దుమ్ము తప్ప చుక్క రాలేదు. మంచం మీద నుంచే మా అవ్వ అడిగింది: "అంత లోతెందుకు పోయినార్రా? మేము ఏట్లో మూరెడు చెలమ తీసి, చిప్పతో తోడి కడవ నింపుకొనేవాళ్ళం. ఆ మూరెడు ఇసుక తీసి చూడలేకపోయినారా?"

ఆ మూరెడు ఇసుకతోనే ఆమె పడుకున్న మిద్దె కట్టినామని నేనెట్ల చెప్పేది.