మహారాజశ్రీ రౌటరు గారి సముఖానికి

విజయనగరం మూడు లాంతర్ల దగ్గర మా ఇంట్లో, టీవీ స్టాండు పై అరలో, అమ్మ అల్లిన క్రోషియా గుడ్డ కప్పుకుని కొలువుదీరిన రౌటరు గారికి, హైదరాబాదులో ఉద్యోగం చేసుకుంటున్న ఇంటి పెద్దకొడుకు చేసుకునే విన్నపం.

అయ్యా, తమరి పక్కన గుయ్యిమంటూ ఒక నల్ల డబ్బా ఉంటుంది, ఇంటి ఫైళ్లన్నీ దాచుకుని నెట్‌వర్కులో అందించే నాస్ అన్నమాట. నాన్న పాత క్యాసెట్ల నుంచి ఎక్కించిన మా పైడితల్లమ్మ సిరిమానోత్సవం వీడియోలు, చెల్లి పెళ్లి ఫొటోలు, ఇంటి దస్తావేజుల స్కాన్లు అన్నీ అందులోనే. క్లౌడ్‌కి నెలనెలా అద్దె దేనికి, మన సరుకు మన ఇంట్లోనే ఉంటుందని ముచ్చటపడి కొన్నాను. హాల్లో సోఫాలో కూర్చుని తెరిస్తే టక్కున తెరుచుకుంటుంది. గడప దాటి మొబైల్ డేటాతో అడిగామా, ఆ గుండ్రటి గీత తిరిగి తిరిగి చివరికి 'కనెక్షన్ టైమ్డ్ అవుట్'.

తమరి దర్బారు పద్ధతి నాకు తెలియనిది కాదు. లోపలివాళ్లు ఏం అడిగినా బయటికి పంపుతారు. ఎవరు అడిగారో రాసి పెట్టుకుని, జవాబు రాగానే వాళ్లకే అందిస్తారు. పిలవకుండా వచ్చినవాడికి మాత్రం ఉలుకూ పలుకూ ఉండదు. మంచి పద్ధతే. అందుకే పోర్టు ఫార్వర్డింగ్ అనే అర్జీ పెట్టుకున్నాను: 5001 నంబరు తలుపు (పోర్టు) తట్టి ఎవరైనా వస్తే, ఇంట్లో డబ్బా అడ్రసైన 192.168.1.7 దగ్గరికి పంపండి మహాప్రభో అని. 'సేవ్డ్ సక్సెస్‌ఫుల్లీ' అన్నారు.

ఒకరోజు గాలివానకి కరెంటు పోయి వచ్చింది. అంతే, 7వ నంబరు టీవీకి రాసిచ్చేసి, డబ్బాని 12కి తోసేశారు. నా రూలు మాత్రం 7నే పట్టుకుని వేలాడుతోంది. నా దస్తావేజుల కోసం ఎవడైనా లోపలికి రాగలిగి ఉంటే నేరుగా టీవీ ముందు తేలేవాడు! డబ్బాకి అడ్రసు రిజర్వు చేయించాను. సేవ్డ్ సక్సెస్‌ఫుల్లీ. ఇంటికి నెట్‌లో ఉండే బయటి అడ్రసు (ఐపీ) మారినా ఒకే పేరుతో దొరకాలని డీడీఎన్ఎస్ పేరు పెట్టాను. అదీ సక్సెస్‌ఫుల్లీయే. ఫోనులో మాత్రం ఆ గుండ్రటి గీత తిరుగుతూనే ఉంది.

నెట్ కంపెనీకి ఫోన్ చేస్తే, "మా వైపు నెట్ బాగానే వస్తోంది సార్, ఒకసారి రీస్టార్ట్ చేసి చూడండి" అన్నారు. అమ్మని అడిగితే, "ఏట్రా, పచ్చ లైటు ఎలుగుతోంది కదా, ఇంకేటి కావాల నీకు?" అంది. ఇద్దరూ అబద్ధం చెప్పలేదు. అదే కదా బాధ!

దసరాకి ఇంటికొచ్చి తమరి స్టేటస్ పేజీ అడుగు దాకా చూస్తే అసలు సంగతి బయటపడింది. వాన్ (WAN) ఐపీ, అంటే తమరికి కంపెనీ ఇచ్చిన బయటి వైపు అడ్రసు, అని చిన్న అక్షరాల్లో 100.72తో మొదలయ్యే నంబరు ఉంది. నా పబ్లిక్ ఐపీ ఏమిటని నెట్‌లో అడిగితే ఇంకేదో చూపిస్తోంది. 100.64 నుంచి 100.127 దాకా ఉన్న నంబర్లు కంపెనీలు తమ లోపలి నెట్‌వర్కులో వాడుకోవడానికని 2012లో పక్కన పెట్టినవి. పాత పద్ధతి ఐపీ అడ్రసులు ప్రపంచం మొత్తానికీ సుమారు 430 కోట్లే. కేంద్ర నిల్వ 2011 ఫిబ్రవరిలోనే ఖాళీ అయింది. అందుకని కంపెనీలు బోలెడు ఇళ్లని ఒకే పబ్లిక్ అడ్రసు వెనకాల సర్దుతున్నాయి. దీన్నే సీజీనాట్ అంటారు.

అంటే తమరు మహారాజు కాదు, పెద్ద లోగిలిలో ఓ వాటాలో అద్దెకున్నవారు! వీధి గుమ్మం తాళం కంపెనీవాడి దగ్గర ఉంది. మరి తమ చేతిలో లేని గుమ్మానికి నా దగ్గర అన్ని అర్జీలు ఎందుకు తీసుకున్నారండీ? 'బాబూ, నా ఐపీయే లోపలిది, ఈ రూలు పనిచేయదు' అని పేజీ నెత్తిన ఒక్క లైను రాస్తే తమరి సొమ్మేం పోయింది? రెండు నంబర్లు పోల్చి చూడటం కూడా రాదా?

పైగా తమరి పక్షపాతం ఒకటి. లోపలి పరికరాలు అడిగితే వాటంతట వాటికే పోర్టు తెరిచే యూపీఎన్‌పీ ఆన్‌లో ఉందని మొన్న తెచ్చిన కెమెరా డబ్బా అడగ్గానే, నాతో మాట మాత్రం చెప్పకుండా పోర్టు రాసిచ్చేశారు. ఈఎంఐ కట్టేవాడికి లేని మర్యాద దానికా? వెంటనే ఆఫ్ చేశాను.

నిజం చెప్పాలంటే నా పోర్టు తెరుచుకోకపోవడమే మంచిదైంది. 2022లో నెట్‌కి నేరుగా తెరిచిపెట్టిన క్యూనాప్ కంపెనీ నాస్ డబ్బాల్లోకి డెడ్‌బోల్ట్ అనే రాన్సమ్‌వేర్ దూరి, ఫైళ్లకి తాళం వేసి బిట్‌కాయిన్లు అడిగింది. అయితే ఆ పుణ్యం తమరి ఖాతాలో వేయను, అది కంపెనీవాడి పిసినారితనం.

మారని సొంత పబ్లిక్ అడ్రసు, అదే స్టాటిక్ ఐపీ, ఇస్తారట, నెలకి అదనంగా కట్టాలి. కొత్త పద్ధతి అడ్రసులైన ఐపీవీ6 సంగతి అడిగితే కస్టమర్ కేర్‌లో లైన్ కట్ అయింది. అందుకని డబ్బాలోనూ నా ఫోనులోనూ వైర్‌గార్డ్ మీద నడిచే మెష్ వీపీఎన్ పెట్టాను, అంటే నా పరికరాల మధ్య మాత్రమే ఉండే రహస్య దారి. ఇప్పుడు డబ్బా తనే బయటికొచ్చి నన్ను కలుస్తోంది. లోపలి నుంచి వెళ్లేవాళ్లని తమరు ఆపరు కదా! నిన్న ఆఫీసు క్యాంటీన్లో కూర్చుని సిరిమాను వీడియో చూశాను.

తమరి దగ్గర పెట్టుకున్న అర్జీలన్నీ వరసగా డిలీట్ చేశాను. అప్పుడూ అదే మాట అన్నారు, 'సేవ్డ్ సక్సెస్‌ఫుల్లీ' అని.

ఇట్లు,
తమరి అడ్మిన్ పాస్‌వర్డు తెలిసిన ఏకైక విధేయుడు