మందుల చీటీ గారికి

మహారాజశ్రీ మందుల చీటీ గారికి నమస్కారాలు.

నిన్న మధ్యాహ్నమంతా తమరిని చేతిలో పట్టుకుని హన్మకొండ ఎండలో తిరిగాను. జనరిక్ షాపులో తక్కువకు వస్తాయని మా చిన్నమ్మను వెంటేసుకుని వెళ్తే, అక్కడాయన తమరిని అటు తిప్పి ఇటు తిప్పి, "మందు పేరు చెప్పండి, ఇస్తా" అన్నాడు. అదే కదా సమస్య. పక్క షాపులో ఇద్దరు తలలు కలిపి చూశారు, ఒకాయన గ్యాస్ గోలీ అన్నాడు, ఇంకొకాయన బీపీ గోలీ అన్నాడు. చిన్నమ్మ నా మొహం చూసి, "బీటెక్ చదివినవ్ గద బిడ్డా, గదేందో చదవరాదా?" అన్నది.

చివరికి తమరిని చదవగలిగింది ఒకే ఒక్క షాపు. తమరు పుట్టిన దవాఖానలోనే, మెట్ల కింద ఉన్నది. అక్కడి పిల్లగాడు ఒక్క చూపు చూసి డబ్బాలన్నీ తీసి ముందు పెట్టాడు. ఎంత చదువు! ఊరందరికీ కోడి కెలికినట్టు కనబడే గీత, బిల్లు కొట్టేవాడికి మాత్రం అక్షరమై కనబడుతుంది.

టోకెన్ ఇచ్చి గంటలు కూర్చోబెట్టినందుకు నేనేమీ అనను. అక్కడ ఏసీ పని చేయకపోయినా సరే. కానీ ఓపీ ఫీజు రసీదు కంప్యూటర్ ప్రింటు, చేయించాల్సిన పరీక్షల లిస్టు కంప్యూటర్ ప్రింటు. తమరి నెత్తి మీద డాక్టర్ గారి పేరు, డిగ్రీలు, సర్కారు కాలేజీలో చదివిన సంగతి, అన్నీ రంగుల అచ్చులో ఉన్నాయి. అంటే ఆయన గురించినదంతా అచ్చులో, మా గురించినదంతా గిలుకుడులో. ఎంబీబీఎస్ పరీక్షలో ఇట్లాగే రాస్తే పేపర్ దిద్దే సారు మార్కులు వేసేవాడా? అప్పుడు ఆయన మార్కుల సంగతి, ఇప్పుడు మా చిన్నమ్మ ప్రాణం సంగతి, అంతే తేడా.

చట్టం లేదా అంటే ఉంది. నల్లగొండలో మెడికల్ షాపు నడిపే ఒకాయన ఈ రాతల మీద 2014లో హైకోర్టు దాకా పోయాడు. 2016లో మెడికల్ కౌన్సిల్ నిబంధన మార్చింది, జనరిక్ పేర్లు, అంటే కంపెనీ పెట్టిన పేర్లు కాక మందు అసలు పేర్లు, స్పష్టంగా, వీలైతే ఇంగ్లిష్ పెద్దక్షరాల్లో రాయాలని. 2025లో పంజాబ్ హర్యానా హైకోర్టు, చదవగలిగే మందుల చీటీ రోగి హక్కు అని, అది బతికే హక్కులో భాగమేనని చెప్పింది. తమరు మాత్రం మారలేదు.

ఇంకో ముచ్చట. ఇప్పుడు మన రాష్ట్రంలో డాక్టర్ పట్టా ఇచ్చే యూనివర్సిటీ వరంగల్‌లోనే ఉంది, కవి కాళోజీ పేరు మీద. జనం మాట్లాడే మాటే రాతలో ఉండాలని జీవితమంతా పోట్లాడిన మనిషి. సెప్టెంబర్ 9న, ఆయన పుట్టినరోజున, ఫొటోకు దండ వేసి, తెల్లారి నిన్ను రాస్తారు!

అవును, నిన్ను. తమరు గిమరు ఇంక నా వల్ల కాదు. సర్కారు దవాఖానలో లైను బయటి దాకా ఉన్నప్పుడు గబగబా గీకే డాక్టర్‌ను నేను తిట్టను, ఆయన తిప్పలు ఆయనవి. కానీ ఏసీ గదిలో కూర్చుని, ఫీజు ముందే తీసుకుని, ఎదురుగా ఉన్న మనిషికి చదువు రాదని తెలిసీ ఇట్లా రాయడం ఏం పద్ధతి? ఆయన సర్కారు సీటుకు పెట్టిన పైసల్లో మా చిన్నమ్మ కొన్న అగ్గిపెట్టె మీది పన్ను కూడా ఉంది. తను మింగే గోలీ పేరు కూడా ఆమెకు చెప్పరా? నాలుగు పేర్లు విడివిడిగా రాస్తే ఆయన చదువేమైనా అరిగిపోతుందా? తెలిసినోడే తెలియనీయకుండా తాళం వేస్తే, ఆ తాళంచెవి మెట్ల కింది షాపులో పెడితే, దాన్ని వైద్యం అనాలా వ్యాపారం అనాలా నువ్వే చెప్పు.

పెద్దక్షరాల్లో రాస్తే డాక్టర్ గారికి చేయి గుంజుతుందేమో. గుంజితే చెప్పమను, చిన్నమ్మ సంచిలో అమృతాంజనం సీసా ఉంది. పేరు దాని మీదే అచ్చులో ఉంటుంది, వెతుక్కునే పని లేదు.

ఇట్లు,
నీ బాధితుడు