ఈ-పేపర్‌కు తాళమేసి నకిలీని తిడితే ఎలా?

పరీక్ష వాయిదా పడిందనో, పథకం రద్దయిందనో వాట్సాప్ గ్రూపులో ఎవరైనా రాస్తే ఒకరిద్దరైనా అనుమానిస్తారు. అదే మాట పత్రిక క్లిప్పింగుగా వస్తే మారుమాట లేకుండా నమ్మేస్తారు. సామాజిక మాధ్యమాలు వార్తకు వేగం తెచ్చాయన్నది అరిగిపోయిన మాట. అసలు జరిగిందేమిటంటే, వార్త పేజీ నుంచి ఊడిపోయింది. తేదీ, ఎడిషన్, మర్నాడు వేసిన సవరణ... ఏవీ దాని వెంట రావడం లేదు.

ఇలాంటి ముక్క తయారీకి ఫోనుంటే చాలు. ఏదో పత్రిక లోగో, ఓ పాత ఫొటో, కొత్తగా కొట్టిన శీర్షిక. చాలాసార్లు పట్టించేది అక్షరమే. పెద్ద పత్రికలు సొంత ఫాంట్లు వాడతాయి. నకిలీలో నెట్‌లో ఉచితంగా దొరికే రామభద్ర, మండలి లాంటివి కనిపిస్తాయి. వార్త కాలమ్ కుడి అంచు సరిగా కూర్చోదు. ఏ సబ్‌ఎడిటరూ వదలని (వదలకూడని అనాలేమో) ‘చేయడం జరిగింది’ వాక్యాలు వరసగా ఉంటాయి. కానీ నాలుగు గ్రూపులు తిరిగేసరికి బొమ్మ మసకబారి ఈ ఆనవాళ్లన్నీ చెరిగిపోతాయి. ఇంతకన్నా ప్రమాదం నకిలీ కాని క్లిప్పింగుతో. మూడేళ్ల కిందటి నిజమైన వార్తకు తేదీ కత్తిరించి ఇవాళ్టిదిగా తిప్పితే ఫాంటు చూసి పట్టుకునేదేమీ ఉండదు.

కత్తిరింపు ఎంత పని చేస్తుందో 2018లో చూశాం. పిల్లల్ని ఎత్తుకెళ్లే ముఠాలంటూ తిరిగిన వీడియో నిజానికి కరాచీలో పిల్లల భద్రతపై తీసిన ప్రచార చిత్రం. బైకుపై వచ్చినవాళ్లు బాబును తిరిగి అప్పగించే చివరి ముక్కను ఎవరో కోసేశారు. ఆ పుకార్ల వేడిలోనే జులైలో బీదర్ జిల్లాలో హైదరాబాద్ సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని జనం కొట్టి చంపారు. గద్వాలలో నాటి ఎస్పీ రెమా రాజేశ్వరి పోలీసులను ఊరూరా పంపి, జానపద పాటలతో పుకార్లపై ప్రచారం చేయించారు. ఫోనులో పుట్టిన అబద్ధానికి విరుగుడు రచ్చబండ దగ్గర వెతకాల్సివచ్చింది.

ఆ జులైలోనే వాట్సాప్ మన దేశంలో ఫార్వర్డులను ఐదు చాట్‌లకు కుదించింది. చాలాసార్లు చేతులు మారిన సందేశాన్ని 2020 ఏప్రిల్ నుంచి ఒకసారికి ఒక్క చాట్‌కే పంపగలం. అయినా కంచెకు కంత ఉంది. బొమ్మను గ్యాలరీలోకి దించి మళ్లీ పంపితే, చాలాసార్లు ఫార్వర్డయిందని చెప్పే జంట బాణాల గుర్తు పోతుంది, లెక్క మొదటికొస్తుంది.

సోషల్ మీడియాను ఆడిపోసుకుని చేతులు దులుపుకోవడం కుదరదు. 2024 సెప్టెంబరులో బుడమేరు విజయవాడ సింగ్‌నగర్‌ను ముంచినప్పుడు, నీళ్లలో చిక్కుకున్నవాళ్లు ఫోన్లలో తీసిన దృశ్యాలే వార్తలయ్యాయి. అలాంటి దృశ్యం పత్రిక డెస్క్‌కు చేరితే చేయాల్సిన పని ఉంది. పంపినవారికి ఫోన్ చేసి అసలు ఫైలును ‘డాక్యుమెంట్’గా పంపమనాలి, మామూలుగా పంపిన ఫొటోలో తీసిన సమయం, చోటు వివరాలను వాట్సాప్ తుడిచేస్తుంది. వాహనాల నంబర్లు, దుకాణాల బోర్డులు చూడాలి. టీజీ నంబరు కనిపిస్తే అది 2024 మార్చికి ముందుది కాదు. టీఎస్ ఉన్నంతమాత్రాన పాతదని తేల్చకూడదు, ఆ బళ్లు ఇంకా తిరుగుతున్నాయి.

పాఠకుడి దగ్గరున్న ఒకే గట్టి సాధనం ఈ-పేపర్. ఆ తేదీ తెరిచి, ఆ ఊరి ఎడిషన్‌తోపాటు జిల్లా పేజీలు కూడా తిప్పి చూస్తే క్లిప్పింగు గుట్టు రెండు నిమిషాల్లో తేలుతుంది. తీరా వెళితే లాగిన్ అడుగుతుంది, కొన్నిచోట్ల చందా అడుగుతుంది. నకిలీ ఉచితం, అసలుకు టికెట్! మాతో సహా తెలుగు పత్రికలన్నీ కనీసం గత 30 రోజుల పేజీలను, జిల్లా అనుబంధాలతో కలిపి, లాగిన్ లేకుండా చూడనివ్వాలి. ప్రతి క్లిప్పింగుపైనా తేదీ, ఎడిషన్, పేజీ నంబరు వార్త మధ్యలోనే పడాలి. అంచున వేస్తే కత్తిరించడం తేలిక. సవరణను లోపలి పేజీలో మూల వేసి ఊరుకోకుండా, తప్పు వార్తను పెట్టిన వాట్సాప్ చానల్‌లోనే కార్డుగా పెట్టాలి.