వద్దన్నది 174 మందే కదా!

ఎన్నికల్లో ఎవరికి ఎక్కువ సీట్లొస్తే వాళ్లు గెలిచినట్టు అని నాకు చాలాకాలం ఒక మూఢనమ్మకం ఉండేది. స్వీడన్ ఎన్నికలు ఫాలో అవడం మొదలుపెట్టాక ఆ జబ్బు పూర్తిగా నయమైంది.

పార్లమెంటులో ఎనిమిది పార్టీలు, 349 సీట్లు, మేజిక్ ఫిగర్ 175. 2018 సెప్టెంబరులో లెక్క తేలేసరికి వామపక్ష కూటమికి 144, అవతలి కూటమికి 143, ఈ రెండిట్లోనూ లేని స్వీడన్ డెమొక్రాట్లకు 62. 144 వాళ్లు ముందున్నది మేమే అన్నారు, 143 వాళ్లు ప్రధాని దిగిపోవాల్సిందే అన్నారు, 62 వాళ్లు అసలు సీట్లు పెరిగింది మాకు కదా అన్నారు. మరి ఓడిందెవరా అని తెల్లారేదాకా వెతికితే, నిద్ర చెడగొట్టుకున్న నేనొక్కణ్ణే తేలాను.

నాలుగు నెలల బేరాల తర్వాత, 2019 జనవరి 18న, పాత ప్రధాని స్టెఫాన్ లోవెన్ మళ్లీ ఎన్నికయ్యారు. అనుకూలం 115, వ్యతిరేకం 153, తటస్థం 77. అచ్చుతప్పు కాదండీ, కావాలంటే ఇంకోసారి చదువుకోండి. అక్కడ ప్రధాని కావడానికి సగంమందికి పైగా కావాలనక్కర్లేదు, సగంమందికి పైగా వద్దనకపోతే చాలు. నాకు బాగా నచ్చింది ఆ 77 మంది. వాళ్లలో ఎక్కువమంది ఈయన్ని దించుతామని ఊరూరా తిరిగిన కూటమివాళ్లే! పాము చావకుండా కర్ర విరగకుండా ఎలాగో వాళ్ల దగ్గర నేర్చుకోవాలి. పాలన బాగుంటే మేం అడ్డుపడకపోవడం వల్లే, బాగోకపోతే మేం ఓటెయ్యలేదుగా.

2021 నవంబరులో ఇంకా పసందైన కథ నడిచింది. మాగ్దలేనా అండర్సన్‌కు 117 మంది సరే అన్నారు, 174 మంది వద్దన్నారు. ఇంకొక్కరు వద్దంటే దేశపు తొలి మహిళా ప్రధాని లేనట్టే. ఆ ఒక్కరు దొరకలేదు, ఆవిడ ఎన్నికయ్యారు. అదే రోజు సభలో ప్రతిపక్షం బడ్జెట్ నెగ్గింది, దాంతో మేం నడవలేమని గ్రీన్ పార్టీ సంకీర్ణం నుంచి జారుకుంది, సాయంత్రానికల్లా ఆవిడ రాజీనామా. ఐదు రోజులకు మళ్లీ ఓటింగ్ పెడితే అనుకూలం 101, వ్యతిరేకం 173. చూశారా, మద్దతు 16 ఓట్లు తగ్గింది, పదవి మాత్రం ఒక ఓటు మేర గట్టిపడింది!

2022 ఎన్నికల్లో ఆవిడ వైపు 173 సీట్లు, ఎదుటి వైపు 176. ఆవిడ పార్టీకి సీట్లు పెరిగి 107 అయ్యాయి, అందరికంటే ఎక్కువ, కాబట్టి ప్రతిపక్షంలో కూర్చుంది. 73తో రెండో స్థానంలో ఉన్న స్వీడన్ డెమొక్రాట్లు ఒక్క మంత్రి పదవీ లేకుండా బయటి నుంచి మద్దతిచ్చారు. 68తో మూడో స్థానంలో ఉన్న పార్టీ నాయకుడు ఉల్ఫ్ క్రిస్టెర్సన్ ప్రధాని అయ్యారు. పిల్లలకు ఫస్టు ర్యాంకు కోసం ప్రాణాలు తీసే తల్లిదండ్రులు ఈ మూడు అంకెలూ రాసి గోడకి అంటించుకోవాలి.

ఇంత టెన్షన్ లేని రోజులూ అక్కడ ఉండేవి. 1973 ఎన్నికల్లో 350 సీట్లు సరిగ్గా 175, 175గా చీలాయి, సభలో ఓట్లు సమానమైతే చీటీ తీసి తేల్చేశారు. ఇదేం ఖర్మ అనుకున్నారేమో, తర్వాతి ఎన్నికల నుంచి ఒక సీటు తగ్గించి 349 చేశారు. నన్నడిగితే అనవసరంగా తగ్గించారు. చీటీ తీస్తే ఎంతసేపు పడుతుంది చెప్పండి, నేనిలా కాలిక్యులేటర్ పట్టుకుని 115లో 153 ఎలా పోయిందా అని కూర్చునేవాణ్ణి కాదు.