తూటాను ఆపే బట్ట కత్తిపోటును ఆపుతుందా? ప్రచారంలో ఉన్న ఒక సందేశానికి సమాధానం

“తూటానే ఆపే కెవ్లార్‌కు కత్తి ఒక లెక్కా? ఉక్కు కంటే అయిదు రెట్లు బలమైన ఆ పోగుతో నేసిన పలుచని చొక్కా ఒకటి లోపల వేసుకుంటే చాలు, మీదపడి ఎవరు పొడిచినా ఏమీ కాదు. అత్యున్నత కోత నిరోధక శ్రేణి దీనికి ఉంది. ఒకసారి కొంటే జీవితాంతం పనికొస్తుంది.” ఈ అర్థం వచ్చే సందేశమొకటి, దానికి తోడుగా ఒక చిన్న వీడియో చాలాకాలంగా చేతులు మారుతున్నాయి. వీడియోలో ఒకరు చొక్కా చేతిని రెండు వైపులా బిగించి పట్టుకుంటారు, మరొకరు కత్తి వాదరను దానిమీద అటూ ఇటూ లాగుతారు, బట్ట తెగదు. సందేశంలోని ప్రతి మాటలోనూ ఎంతో కొంత నిజం లేకపోలేదు. చదివినవారు దాన్ని తేలికగా నమ్మడానికీ అదే కారణం. అందువల్ల మొత్తాన్ని ఒక్క మాటతో కొట్టిపారేయకుండా, ఏ వాక్యంలో నిజం ఎంతవరకు ఉందో, ఎక్కడి నుంచి అది అతిశయోక్తిగా మారిందో విడివిడిగా చూడటం మంచిది.

ముందుగా ‘అయిదు రెట్ల’ సంగతి. రసాయన శాస్త్రవేత్త స్టెఫనీ క్వోలెక్ 1965లో అమెరికా రసాయన సంస్థ డ్యూపాంట్ ప్రయోగశాలలో చేసిన ఆవిష్కరణ నుంచి కెవ్లార్ అనే ఈ కృత్రిమ పోగు పుట్టింది. అది ఉక్కు కంటే అయిదు రెట్లు బలమైనదన్న మాటకు ఒక షరతు ఉంది: రెండింటినీ సమానమైన బరువులో తీసుకుని పోల్చాలి. కెవ్లార్ సాంద్రత ఘన సెంటీమీటరుకు 1.44 గ్రాములైతే, ఉక్కుది 7.8 గ్రాముల పైచిలుకు. అంటే సమానమైన బరువులో తీసుకున్న కెవ్లార్ పరిమాణంలో ఉక్కు కంటే అయిదింతలకు మించి ఉంటుంది. ఒకే మందం గల కెవ్లార్ పోగునూ మేలురకం ఉక్కు తీగనూ పక్కపక్కన పెట్టి లాగితే ఆ తేడా రెట్టింపు కూడా ఉండదు. అంతకన్నా ముఖ్యమైన విషయం, ఇది పోగును దాని పొడవు వెంబడి లాగినప్పుడు కొలిచిన బలం. అడ్డంగా పదునైన అంచు ఆనించి కోసినప్పుడు ఆ పోగు అంత దృఢంగా నిలబడదు. దుస్తులు తయారుచేసే చోట ఆ బట్టను కత్తిరించేది కూడా కత్తెరలతోనే. మామూలు కత్తెర త్వరగా మొండిబారుతుంది కనుక అందుకోసం గట్టి ఉక్కుతో చేసిన కత్తెరలు వాడతారు, అంతే తేడా.

ఇక అసలు వాదానికి వద్దాం. తూటాను ఆపేది కత్తిని ఎలాగూ ఆపుతుందన్న తర్కం మొదటిసారి వింటే కాదనడానికి వీల్లేనట్టే కనిపిస్తుంది. 8 గ్రాముల 9 మిల్లీమీటర్ల పిస్టల్ తూటా సెకనుకు 400 మీటర్లకు కాస్త తక్కువ వేగంతో వచ్చి తగిలితే దాని శక్తి సుమారు 630 జౌళ్లు ఉంటుంది. కత్తిపోటు నిరోధక కవచాలను పరీక్షించేటప్పుడు వాడే శక్తి 24 నుంచి 43 జౌళ్లు మాత్రమే. 24 జౌళ్లంటే రెండున్నర కిలోల బరువు ఒక మీటరు ఎత్తు నుంచి పడినప్పటి శక్తి కన్నా కాస్త తక్కువ. 630ని తట్టుకున్నదానికి 43 ఒక లెక్కా అనిపించడం సహజమే. కానీ బట్టను చీల్చేది మొత్తం శక్తి ఎంతన్నది ఒక్కటే కాదు. ఆ శక్తి ఎంత వైశాల్యం మీద పడుతోంది, తగిలిన వస్తువు రూపం మారుతుందా, వెనుక నుంచి తోపు కొనసాగుతోందా అన్నవి కూడా.

పిస్టల్ తూటా సాధారణంగా రాగి తొడుగు వేసిన సీసం ముద్ద, దాని మొన గుండ్రంగా ఉంటుంది. పొరలు పొరలుగా పేర్చిన కెవ్లార్‌కు తగలగానే అది పుట్టగొడుగులా విచ్చుకుని చదునైపోతుంది, వెడల్పయిన కొద్దీ మరిన్ని పోగులకు తగులుకుంటుంది, ఆ పోగులు తమ పొడవునా సాగుతూ దెబ్బను చుట్టుపక్కలకు పంచేస్తాయి. అంటే కెవ్లార్ ఏ దిశలో బలమైనదో సరిగ్గా ఆ దిశలోనే దానికి పని పడుతుంది. గట్టిపరచిన ఉక్కు కత్తి ఇందులో ఏ ఒక్కదానికీ లొంగదు. దాని మొన నలగదు, చదును కాదు. పోగుల మధ్య సందు చూసుకుని వాటిని పక్కకు నెట్టుకుంటూ దూరుతుంది, వెనుకనే వచ్చే వాదర దారిలో ఉన్న పోగులను అడ్డంగా కోసుకుంటూ పోతుంది. ప్రయోగశాల కొలతగా కాకుండా, తేడా ఎంతో తెలియడానికి ఒక మోటు లెక్క వేసి చూడవచ్చు. 9 మిల్లీమీటర్ల తూటా అడ్డుకోత వైశాల్యం సుమారు 64 చదరపు మిల్లీమీటర్లు. దాని శక్తిని పంచితే చదరపు మిల్లీమీటరుకు సుమారు 10 జౌళ్లు పడుతుంది, తూటా విచ్చుకుని రెట్టింపు వెడల్పైతే అది రెండున్నరకు దిగిపోతుంది. కత్తి మొన అర మిల్లీమీటరు పొడవు, అర మిల్లీమీటరు వెడల్పు ఉందనుకుంటే 24 జౌళ్ల పోటు మొదటి తాకిడిలో చదరపు మిల్లీమీటరుకు వందకు దగ్గరగా ఉంటుంది. పైగా తూటా వెనుక ఎవరూ ఉండరు, ఉన్న వేగం కాస్తా అయిపోగానే ఆగిపోతుంది. కత్తి వెనుక చేయి ఉంది, చేతి వెనుక మనిషి బరువు ఉంది.

ఈ కారణం వల్లనే తూటాలకోసం చేసే మెత్తని కవచానికీ పోట్లకోసం చేసే కవచానికీ నిర్మాణంలోనే పొత్తు కుదరదు. మొదటిదానిలో పోగులు కాస్త కదలగలిగితేనే దెబ్బ పంచుకోబడుతుంది. రెండోదానిలో పోగులు ఏమాత్రం కదిలినా మొన దూరిపోతుంది, కాబట్టి సన్నని పోగులతో అతి దట్టంగా నేయాలి, లేదా పొరలను రెసిన్ అనే గట్టిపడే జిగురుతో అతికించి బిగించాలి, లేదా పాలీకార్బొనేట్ అనే గట్టి ప్లాస్టిక్ పలకలు గానీ, టైటానియం రేకులు గానీ, ఇనుప రింగుల జాలీ గానీ చేర్చాలి. అమెరికాలోని డెలావేర్ విశ్వవిద్యాలయమూ సైనిక పరిశోధనశాలా కలిసి, మామూలుగా ద్రవంలా ఉండి హఠాత్తుగా నొక్కితే గట్టిపడే పదార్థంతో కెవ్లార్‌ను తడిపి చేసిన ప్రయోగాలకు మూలం కూడా ఈ చిక్కే: మొన తగిలిన క్షణంలో పోగులు పక్కకు తప్పుకోకుండా పట్టి ఉంచాలి. తూటాలనూ పోట్లనూ రెంటినీ ఆపే కవచాలు మార్కెట్‌లో లేకపోలేదు, అయితే అవి ఆ రెండు పనులకూ విడివిడిగా పరీక్షకు నిలిచినవి. ఒక పరీక్షలో నెగ్గినంత మాత్రాన రెండోదానిలో ఉచితంగా మార్కులు పడవు.

‘ఎవరు పొడిచినా ఏమీ కాదు’ అన్న మాటలో మరో గందరగోళం దాగి ఉంది. వాదరతో గీరి కోయడం, కత్తి మొనతో పొడవడం, దబ్బనం లేదా స్క్రూడ్రైవర్ లాంటి సన్నని కడ్డీతో గుచ్చడం మూడూ వేర్వేరు దాడులు, ఒకదాన్ని ఆపేది మరొకదాన్ని ఆపాలన్న నియమం లేదు. ఇనుప రింగుల జాలీ కోతను అద్భుతంగా ఆపుతుంది, కానీ రింగు మధ్య రంధ్రం కంటే సన్నని కడ్డీకి అది తెరిచిన కిటికీయే. అమెరికా నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ జస్టిస్, అంటే ఎన్‌ఐజే, బ్రిటన్ పోలీసు శాస్త్ర విభాగం సహకారంతో రూపొందించి 2000 సంవత్సరంలో వెలువరించిన 0115.00 ప్రమాణం అందుకే వాదర గల కత్తులకు ఒక తరగతి, కడ్డీ ఆయుధాలకు మరో తరగతి పెట్టింది. ప్రతి తరగతిలోనూ 24, 33, 43 జౌళ్లతో మూడు స్థాయిలు ఉన్నాయి. నిర్దిష్టమైన కత్తిని బరువుకు బిగించి, చేతి తోపును పోలేలా మధ్యలో స్పాంజి పొర పెట్టి, కవచం మీదికి ఎత్తు నుంచి వదులుతారు. ఆపై ఒకటిన్నర రెట్ల శక్తితో మళ్లీ పరీక్షిస్తారు. మొదటి పరీక్షలో మొన అవతలికి 7 మిల్లీమీటర్లకు మించి రాకూడదు, రెండోదానిలో 20 మిల్లీమీటర్లకు మించకూడదు.

ఆ 7 మిల్లీమీటర్ల దగ్గర ఒక్క క్షణం ఆగాలి. గుర్తింపు పొందిన, బరువైన, పలకలు పేర్చిన కవచానికి కూడా మొన కొద్దిగా లోపలికి రావడానికి ప్రమాణమే అనుమతిస్తోంది. ఆ లోతులో లోపలి అవయవాలకు గాయమయ్యే అవకాశం అత్యల్పమన్నది దానికి ఆధారం. చర్మం చిట్లదని ఆ ప్రమాణం ఎక్కడా మాట ఇవ్వలేదు. ఇంత జాగ్రత్తగా పరీక్షించినవారే ఇవ్వని హామీని టీషర్టు మందపు బట్ట గురించి ఇచ్చేస్తున్నవారిని ఏ పరీక్ష చేశారని అడగవద్దా?

వీడియోనే అందుకు ఆధారం అంటారు. దాన్ని మరోసారి నిదానంగా చూడండి. బట్ట గాలిలో బిగుతుగా ఉంది, దాని కింద శరీరం లేదు. కత్తిని పడుకోబెట్టి, తేలికైన ఒత్తిడితో, వాదర మధ్యభాగంతో లాగుతున్నారు. మొన ఒక్కసారైనా కిందికి దిగదు. కత్తి ఎంత పదునుగా ఉందో చూపడానికి ముందుగా ఓ కాగితాన్నో టమాటానో కోస్తారు కానీ, అదే కత్తితో అదే బట్టను మాంసపు ముద్దకు చుట్టి పొడిచి చూపరు. వీడియో అబద్ధమని నేను అనడం లేదు. తేలికపాటి కోతను ఆ బట్ట నిజంగానే ఆపి ఉండవచ్చు. దాన్ని పోటుకు సాక్ష్యంగా చూపడమే అభ్యంతరం. ఇంకొకటి, బట్ట తెగకపోయినా దెబ్బ తాలూకు ఒత్తిడి ఎక్కడికీ పోదు: వెనుక మెత్త గానీ పలక గానీ లేని పలుచని బట్ట చిరగకుండానే పోటు దెబ్బను పక్కటెముకల దాకా చేరవేయగలదు.

‘అత్యున్నత కోత నిరోధక శ్రేణి’ సంగతీ ఇంచుమించు ఇలాంటిదే. ఆ శ్రేణులు చేతి తొడుగుల ప్రపంచం నుంచి వచ్చాయి. అమెరికా ప్రమాణంలో ఏ1 నుంచి ఏ9 వరకు, ఐరోపా ఈఎన్ 388 ప్రమాణంలో ఏ నుంచి ఎఫ్ వరకు ఉండే ఆ గుర్తులు, ఒక బ్లేడును బట్ట మీద 20 మిల్లీమీటర్ల దూరం లాగితే అది తెగడానికి ఎంత బరువు మోపాల్సి వచ్చిందో చెబుతాయి. ఏ9కు 6,000 గ్రాములు, ఎఫ్‌కు 30 న్యూటన్లు, అంటే సుమారు 3 కిలోల బరువు. గాజు పలకలు, రేకులు పట్టుకుని పనిచేసేవారికి అవి ఎంతో విలువైన కొలతలు. ఈఎన్ 388లో గుచ్చుడు పరీక్ష కూడా ఉంది కదా అని కొందరు వాదిస్తారు. అందులో వాడేది మేకు లాంటి మొద్దు మొన గల కడ్డీ, దాన్ని నొక్కే వేగం నిమిషానికి 100 మిల్లీమీటర్లు. దాడి చేసే చేయి సెకనుకు కొన్ని మీటర్ల వేగంతో వస్తుంది. ఈ రెంటినీ ఒకే గాటన కట్టడం అమ్మకందారుల తెలివే తప్ప కొలతల దోషం కాదు.

‘చాలు’ అన్న మాటకు శరీరం ఒప్పుకోదు. చొక్కా మొండేన్ని కప్పుతుంది. మెడ, చంకలు, గజ్జలు, తొడల లోపలి వైపు బయటే ఉంటాయి, పెద్ద ధమనులు చర్మానికి దగ్గరగా వచ్చేది అక్కడే. చేత్తో అడ్డుకోబోయినవారికి అరచేతుల మీద, ముంజేతుల మీద గాట్లు పడటం ఫోరెన్సిక్ వైద్యులకు బాగా తెలిసిన గాయాల తీరు. కొలత సరిపోని కవచమైతే పక్కల కూడా సందు ఉంటుంది.

‘జీవితాంతం’ అన్నది వీటన్నిటిలో అతి సులభంగా తేలిపోయే మాట. కెవ్లార్ ఎండలోని అతినీలలోహిత కిరణాలకు బలహీనపడుతుంది, క్లోరిన్ బ్లీచ్ దాన్ని పాడుచేస్తుంది, పదేపదే మడతపడిన చోట పోగులు నలుగుతాయి. అందుకే కవచాల్లో కెవ్లార్ పొరల పలకలను పైతొడుగులో దాచి ఉంచుతారు, పైతొడుగును మాత్రమే ఉతకమంటారు, లోపలి పలకను తడిబట్టతో తుడిచి మడత పడకుండా చదునుగా ఉంచమంటారు, తయారీదారులు సాధారణంగా అయిదేళ్లకు మించి హామీ ఇవ్వరు. కొత్త పోగు మీద అతివిశ్వాసం ఎక్కడికి దారితీస్తుందో జైలాన్ చెప్పింది: కెవ్లార్ కంటే బలమైనదిగా పేరు తెచ్చుకున్న ఆ పోగు తేమకూ వేడికీ క్షీణిస్తుందని తేలడంతో 2005లో ఎన్‌ఐజే ఆ కవచాలకు గుర్తింపు తీసేసింది.

ఇంత చెప్పాక కొందరు రెండో కొసకు వెళ్లి, ఈ దుస్తులన్నీ మోసమే అంటున్నారు. అదీ సరికాదు. కోత నిరోధక చేతి తొడుగులు, మెడపట్టీలు, చొక్కా చేతులు గాట్ల లోతును నిజంగా తగ్గిస్తాయి, ముఖ్యంగా కవచం కప్పని ముంజేతుల దగ్గర. సరైన తరగతిలో పరీక్షకు నిలిచిన పోటు నిరోధక కవచాలను జైళ్లలో, పోలీసు, భద్రతా విధుల్లో ఉన్నవారు రోజూ ధరిస్తున్నారు. కొనదలచినవారు బట్ట పేరును పక్కన పెట్టి లోపలి పలక మీద కుట్టిన చీటీని చూడాలి. ఏ ప్రమాణం, కత్తికా కడ్డీకా లేక రెంటికీనా, ఏ స్థాయి, ఏ సంవత్సరంలో తయారైంది, ఏ ముఖం శరీరం వైపు ఉండాలి అన్న అయిదు సంగతులూ దానిమీద ఉండాలి. బ్రిటన్ 2017 ప్రమాణం ప్రకారమైతే కత్తికి కేఆర్, కడ్డీకి ఎస్‌పీ అన్న గుర్తులు ఉంటాయి. ఎస్‌పీ గుర్తు లేని కవచం దబ్బనాన్ని ఆపుతుందని అనుకోవడానికి వీల్లేదు. చీటీ మీద కోత శ్రేణి ఒక్కటే కనిపిస్తే అది గాట్లనుంచి కాపాడే వస్త్రమని అర్థం, ఆ మేరకే దానికి ధర చెల్లించాలి.